కల్బా (షార్జా తూర్పు తీరం): చరిత్ర, మడ అడవి, పిట్టలు – తెలిసినవాళ్ళు చెప్పండి

శ్రీను_షార్జా:
అందరికీ నమస్కారం. డిసెంబరులో అమ్మానాన్న అమలాపురం నుంచి వస్తున్నారు. బుర్జ్ ఖలీఫా, మాల్స్ అన్నీ క్రితంసారే చూసేశారు. నాన్నగారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, ఆయనకి మేడల మీద ఆసక్తి లేదు. "ఈ ఊళ్ళకి పాత కథంటూ ఏమీ లేదా?" అని అడుగుతుంటారు. ఈసారి కల్బా తీసుకెళ్దామనుకుంటున్నాను. ఒమన్ సరిహద్దు పక్కనే ఉంది, మడ అడవి ఉందని విన్నాను. నెట్‌లో వెతికితే బీచ్ ఫోటోలు, రెస్టారెంట్ల రివ్యూలే వస్తున్నాయి. అక్కడ చరిత్ర చూడాలా, అడవి చూడాలా? ఒక్క రోజే కుదురుతుంది.

లకుముకి_ప్రియ:
శ్రీను గారూ, తప్పకుండా తీసుకెళ్ళండి. పిట్టల కోసం యూఏఈలో నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళే చోటు కల్బానే.

అక్కడ సముద్రం నుంచి లోపలికి వచ్చే ఉప్పుటేరును ఖోర్ కల్బా అంటారు. చుట్టూ మడ చెట్లు. ఆ చెట్లలో ఒక లకుముకి పిట్ట ఉంటుంది. నీలి ఆకుపచ్చ వీపు, తెల్లటి మెడపట్టీ, తెల్లటి పొట్ట. దీని జాతి పెద్దదే, మన సుందర్బన్స్‌లో, భితర్‌కనికలో, అండమాన్‌లో, అటు సింగపూర్ దాకా కనిపిస్తుంది. కానీ కల్బాలో ఉన్నది ప్రత్యేకమైన ఉపజాతి. 1980లో శాస్త్రవేత్తలు దాన్ని విడిగా గుర్తించి, ఊరి పేరు మీదే 'కల్బాయెన్సిస్' అని పేరు పెట్టారు. దీనికి దగ్గరి చుట్టాలు ఎర్ర సముద్రం దక్షిణ తీరాల్లో ఉన్నాయి. ఇది మాత్రం ఖోర్ కల్బాలోను, దాని కింద ఒమన్ తీరంలో ఉన్న కొద్దిపాటి మడల్లోను తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మొత్తం కొన్ని పదుల జతలే.

అంత తక్కువ ఎందుకంటే దానికి కావలసింది మడ చెట్టు మాత్రమే కాదు, ముసలి మడ చెట్టు. గూడు చెట్టు తొర్రలోనే పెడుతుంది. లేత మొక్కలకి తొర్రలు ఉండవు. లక్ష మొక్కలు నాటాం అని ఫోటోలు వేస్తారు చూడండి, మంచిదే, కానీ ఆ మొక్కల్లో ఈ పిట్ట ఇల్లు కట్టుకోవాలంటే దశాబ్దాలు ఆగాలి. ఈలోపు ఒక ముసలి చెట్టు పోతే ఒక జతకి ఇల్లు పోయినట్టే.

తిండి మాత్రం పుష్కలం. ఆటు వచ్చి నీళ్ళు లాగేసినప్పుడు బురదంతా పీతలే. కొమ్మ మీద కదలకుండా కూర్చుంటుంది, ఒక్కసారిగా దిగి పీతను పట్టి, కొమ్మకేసి బాది మింగుతుంది.

కోరింగ_మడ:
ప్రియ గారు ముసలి చెట్ల గురించి చెప్పింది చాలా ముఖ్యం. నేను కాకినాడ వాడిని, కోరంగి మడ అడవుల చుట్టూ పెరిగాను. అబుదాబీలో ఉద్యోగం చేసేటప్పుడు కల్బా వెళ్ళాను. ఆ ఆకు చూడగానే గుర్తుపట్టాను. మన వైపు తెల్ల మడ అనేది అదే, అవిసీనియా మెరైనా. పైన నిగనిగలాడే పచ్చన, అడుగున బూడిద తెలుపు. ఆకు మీద నాలుక పెడితే ఉప్పగా ఉంటుంది, ఎందుకంటే పీల్చుకున్న ఉప్పును ఆకు గ్రంథుల ద్వారా బయటికి తోసేస్తుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి వేర్లే పెన్సిళ్ళలాగా పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. వాటి మీద కాలు వేయకూడదని చిన్నప్పుడు మా తాత తిట్టేవాడు.

తేడా ఏమిటంటే మన కోరంగిలో గోదావరి మంచినీళ్ళు వచ్చి కలుస్తాయి. అందుకే తిల్ల, పొన్న, నల్ల మడ ఇలా రకరకాల చెట్లు కలిసి పెరుగుతాయి. నీటి పిల్లి, నీటికుక్క కూడా ఉన్నాయి. కల్బాలో నది లేదు. హజర్ కొండల మీద వాన పడినప్పుడు వాదీలు, అంటే ఎండు వాగులు, కొన్ని గంటలు పొంగుతాయి, అంతే. ఆ ఉప్పుకీ ఎండకీ తట్టుకుని నిలబడింది ఈ ఒక్క చెట్టే. యూఏఈ తూర్పు తీరం మొత్తం మీద చెప్పుకోదగ్గ మడ అడవి ఇదొక్కటే. పెద్ద పెద్ద మాన్లు ఉన్నాయి. ఎడారి దేశంలో ఆ నీడలో నిలబడితే నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది.

పాతపటం:
శ్రీను గారి ప్రశ్న "చరిత్ర చూడాలా, అడవి చూడాలా" కదా. కల్బాలో ఆ రెండూ విడదీయలేం. నత్తగుల్లతో మొదలుపెడతాను.

ఖోర్ కల్బా బురదలో ఒక పెద్ద నత్త ఉంటుంది, టెరెబ్రేలియా. పొడుగ్గా, మొనదేలిన నల్లటి గుల్ల. మడ చెట్ల కింద రాలిన ఆకులు తిని బతుకుతుంది. యూఏఈలో ఇప్పుడు అది సజీవంగా ఉన్నది ఈ ఒక్కచోటే. అబుదాబీ వైపు, ఉమ్మ్ అల్ ఖువైన్ వైపు పాతకాలపు గుల్లల దిబ్బల్లో దాని డొల్లలు దొరుకుతాయి, నత్త మాత్రం లేదు. కల్బాలో క్రీస్తుపూర్వం నాలుగో సహస్రాబ్ది నాటి గుల్లల దిబ్బలు బయటపడ్డాయి. అంటే ఐదారు వేల ఏళ్ళ కిందట జనం ఇక్కడ మడల్లోకి దిగి ఏరుకుని తిన్నదాన్నే ఈ రోజు అదే ఊళ్ళో, అదే బురదలో చూడొచ్చు. మాస్టారికి ముందు ఇది చూపించండి. ఆ తర్వాతి కంచు యుగపు కట్టడాలు, ఇనుప యుగపు కట్టడాలు కూడా కల్బాలో తవ్వకాల్లో దొరికాయి. నీళ్ళు, చేపలు, ఖర్జూరం, వెనక కొండలు. జనం ఎందుకు వదిలిపెట్టలేదో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

పోర్చుగీసువాళ్ళు హోర్ముజ్ మీద పట్టు సంపాదించాక ఈ తీరం వెంట కోటలు కట్టుకుంటూ వచ్చారు. 1635లో అంతోనియో బొకార్రో పోర్చుగీసు కోటలన్నిటి వివరాలతో రాసిన గ్రంథంలో కెల్బా పేరు కూడా ఉంది, కోట బొమ్మతో సహా. గోవా, కొచ్చిన్ కోటలు ఉన్న పుస్తకంలోనే ఇదీ ఉందంటే ఆ రోజుల్లో అరేబియా సముద్రం ఎలా ఒకే బజారుగా ఉండేదో ఊహించుకోండి. ఒమన్ యారుబీ ఇమాములు వాళ్ళను వెళ్ళగొట్టారు. తర్వాత షార్జాను ఏలే అల్ ఖాసిమీ వంశం చేతికి వచ్చింది.

నాకు బాగా నచ్చే ఘట్టం 1936ది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు లండన్ నుంచి ఇండియాకి వెళ్తూ 1932 నుంచి షార్జాలో దిగేవి. అక్కడి నుంచి గల్ఫ్ ఆఫ్ ఒమన్ దాటి గ్వాదర్, కరాచీ. దారిలో ఏదైనా ఇబ్బంది వస్తే దిగడానికి తూర్పు తీరంలో చదునైన నేల కావాలి. కల్బా అనువుగా కనిపించింది. అప్పట్లో కల్బాను చూసుకునే షేక్ సయీద్ బిన్ హమద్ అల్ ఖాసిమీ ఊరికే ఒప్పుకోలేదు. తనను షార్జా కింది వాడిగా కాక, స్వతంత్ర పాలకుడిగా గుర్తించాలన్నాడు. బ్రిటిష్ వాళ్ళు గుర్తించారు, మూడు తుపాకుల వందనం ఇచ్చారు. అలా ఒక విమానాల దిగుడు నేల కోసం ఒక చేపల ఊరు రాజ్యమైపోయింది.

అప్పట్లో ఈ తీర రాజ్యాల వ్యవహారాలు చూసే బుషహర్ (ఇరాన్ రేవు) రెసిడెంటు, అంటే బ్రిటిష్ ప్రతినిధి, ఢిల్లీలోని బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానికి లోబడి పనిచేసేవాడు. ఇక్కడి బజార్లలో చెల్లేది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకం రూపాయి నోట్లు అచ్చువేసింది కూడా. 1966లో మన రూపాయి విలువ తగ్గించాక ఈ ఎమిరేట్లు దాన్ని వదిలేశాయి. మాస్టారు తప్పకుండా ఆసక్తి చూపిస్తారు.

సయీద్ 1937లో పోయాడు. కొడుకు హమద్ మైనరు. అప్పుడు కూతురు ఆయిషా ముందుకొచ్చి కోట రక్షణ తన చేతుల్లోకి తీసుకుంది. తండ్రి తరఫున కల్బా వ్యవహారాలు చూసిన బరూత్ అనే అతన్ని రీజెంటుగా, అంటే మైనరు తరఫున పాలించేవాడిగా, నిలిపారు. అతను బానిస. ఊరి పెద్దలు సరేనన్నా బ్రిటిష్ వాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి ఒకప్పటి షార్జా పాలకుడు ఖాలిద్ బిన్ అహ్మద్‌ని రీజెంటుగా పెట్టారు. 1951-52 నాటికి కల్బా మళ్ళీ షార్జాలో కలిసిపోయింది. రాజ్యంగా బతికింది పదిహేనేళ్ళ పైచిలుకు. షేక్ సయీద్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఎదురుగా కోట. రెండూ సముద్రపు ఒడ్డున పక్కపక్కనే ఉన్నాయి.

విజయనగరం_సత్య:
పాతపటం గారూ, ఆ విమానాల సంగతిలో మనవాళ్ళకి సంబంధించిన విషాదం ఒకటి ఉంది. 1940 మార్చి 1న హనిబాల్ అనే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం ఇరాన్ తీరంలోని జాస్క్ నుంచి షార్జాకి వస్తూ గల్ఫ్ ఆఫ్ ఒమన్ మీద మాయమైపోయింది. ఎనిమిది మంది. ఎవరూ దొరకలేదు. అందులో సర్ ఎ.టి. పన్నీర్‌సెల్వం ఉన్నారు, జస్టిస్ పార్టీ నాయకుడు. బొబ్బిలి రాజాది కూడా అదే పార్టీ. పన్నీర్‌సెల్వం 1937లో మద్రాసులో కూర్మా వెంకటరెడ్డి నాయుడి మంత్రివర్గంలో మంత్రి. లండన్‌లో భారత వ్యవహారాల మంత్రికి సలహాదారుగా పనిచేయడానికి వెళ్తున్నారు. కల్బా ఒడ్డున నిలబడి తూర్పుకి చూస్తే కనిపించే సముద్రమే అది.

శ్రీను_షార్జా:
సత్య గారూ, నాన్నగారికి ఇది ఇప్పుడే ఫోన్లో చదివి వినిపించాను. బొబ్బిలి రాజా పేరు వినగానే ఉత్సాహం వచ్చేసింది, అరగంట ఆయనే మాట్లాడారు. థాంక్స్ అండి.

ఫుజైరా_రాజు:
నేను ఫుజైరాలో పదిహేనేళ్ళకి పైగా ఉన్నాను. కల్బా మాకు పక్క వీధి లెక్క. చరిత్రలో ఒకటి వదిలేశారు. 1972లో, దేశం ఏర్పడిన కొద్ది నెలలకే, ఫుజైరావాళ్ళకీ కల్బావాళ్ళకీ భూమి దగ్గర గొడవై ఇరవైమందికి పైగా చనిపోయారు. కొత్తగా పెట్టిన యూనియన్ సైన్యం వచ్చి మధ్యలో నిలబడాల్సి వచ్చింది. దుబాయ్ షేక్ రషీద్, మిగతా పాలకులు కూర్చుని సర్దిచెప్పారు. ఇప్పుడు మనం తెలియకుండానే ఆ హద్దు దాటి కారాక్ చాయ్‌కి వెళ్ళొస్తుంటాం.

ఇక మడ అడవి. నిజం చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ముందు అది మా అందరిదీ. శుక్రవారం వస్తే కార్మికుల క్యాంపు నుంచి పదిమంది పికప్‌లో వెళ్ళి చెట్ల కింద కూర్చుని, గాలం వేసుకుని, వండుకుని తినేవాళ్ళం. జీతం తక్కువ వాళ్ళకి ఖర్చులేని చోటు అదొక్కటే. 2012లో కంచె వేసి మూసేశారు. తర్వాత అందమైన సెంటర్ కట్టి టికెట్ పెట్టారు. పిట్టకి ఇల్లు దొరికింది, సంతోషమే. ఆ కూలీవాడి శుక్రవారం ఎక్కడికి పోయిందో ఎవరైనా రాశారా?

లకుముకి_ప్రియ:
రాజు అన్నా, మీ మాటలో న్యాయం ఉంది. కానీ మూసేయకముందు నేను చూసింది కూడా చెప్పాలి. జీపులు చెట్ల దాకా వచ్చేసేవి. ఊపిరి వేర్ల మీద నుంచి తోలేవాళ్ళు. ఎండు కొమ్మలు అనుకుని నరికి బార్బెక్యూకి వాడేవాళ్ళు, ఆ ఎండు కొమ్మల్లోనే తొర్రలు. తెగిన వలల్లో తాబేళ్ళు చిక్కుకునేవి. అక్కడికి పచ్చ తాబేళ్ళు వస్తాయి, ఏటి మొగలో మేస్తాయి. క్యాంపు నుంచి వచ్చిన పదిమంది కంటే పెద్ద కార్లలో వచ్చినవాళ్ళ వల్లే నష్టం ఎక్కువ జరిగిందని నా నమ్మకం. ప్రపంచంలో కొన్ని పదుల జతలున్న పిట్టకి ఒక్క పొరపాటు చాలు.

మూసిన తర్వాతే 2013లో దాన్ని రామ్సార్ ఒప్పందం కింద, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తించారు. మన కొల్లేరుకి 2002లో వచ్చినది ఆ గుర్తింపే. 2021లో తెరిచిన సెంటర్‌ని లండన్‌కి చెందిన హాప్కిన్స్ ఆర్కిటెక్ట్స్ డిజైన్ చేశారు. సీ అర్చిన్ అనే ముళ్ళ జీవి డొల్ల ఆకారంలో తెల్లటి గుండ్రటి గదులు. గాయపడ్డ తాబేళ్ళకి చికిత్స కూడా అక్కడే చేస్తారు. మూయడం తప్పు కాదనే అంటాను. టికెట్ విషయంలో మాత్రం మీతోనే ఉంటాను, నెలకి ఒక రోజైనా కార్మికులకి ఉచితంగా తెరవాలి.

కోరింగ_మడ:
రాజు గారు అడిగింది మా దగ్గర కూడా ఉన్న ప్రశ్నే. కోరంగిలో అభయారణ్యం అన్నాక మా ఊళ్ళవాళ్ళు కట్టెలకి, పశువుల మేతకి ఇబ్బంది పడ్డారు. గోదావరి లంకల్లో గేదెలు మడ ఆకు తిన్నట్టే ఇక్కడ ఒంటెలు, మేకలు తినేవి. కానీ పీతకీ రొయ్యకీ చేపపిల్లకీ ఆ వేర్ల సందులే పురిటిల్లు. మడ పోతే బయట సముద్రంలో వల వేసేవాడికే ముందు తెలుస్తుంది. 2007లో గోను తుఫాను ఈ తీరం మీదికి వచ్చినప్పుడు అలలు కల్బా వీధుల్లోకి వచ్చాయి. అలాంటప్పుడు అల జోరు తగ్గించడానికి మడ చేసే సాయం తుఫాన్లు చూసిన కాకినాడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫుజైరా_రాజు:
ఇద్దరి మాటా ఒప్పుకుంటాను. ఉచిత రోజు అన్నారు చూడండి, అది చాలు. మా అసోసియేషన్ తరఫున సెంటర్‌వాళ్ళకి ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఇంగ్లీషులో కాస్త రాసిపెట్టేవాళ్ళు ఉంటే చెప్పండి. అరబిక్‌లోకి మార్చడానికి మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు.

లకుముకి_ప్రియ:
నేను రాస్తాను అన్నా. మెసేజ్ పెట్టండి.

మత్స్య_అప్పారావు:
అందరూ పిట్టల గురించే మాట్లాడుతున్నారు, చేపల గురించి నేను చెప్తా. మాది భీమిలి దగ్గర. కల్బాలో పడవల యజమాని దగ్గర కొన్నాళ్ళు పనిచేశా. చలికాలంలో ఒడ్డు నుంచి పెద్ద వల వేసి కవళ్ళు (సార్డిన్ చేపలు) లాగుతారు. అచ్చం మన అలివి వలే. మనం రెండు వైపులా మనుషులం నిలబడి లాగుతాం, వాళ్ళు ఇప్పుడు జీపులతో లాగుతున్నారు. ఆ కవళ్ళని ఇసుక మీద ఎండబెట్టి పశువులకి, ఒంటెలకి వేసేవారు, ఖర్జూరం చెట్లకి ఎరువుగా పెట్టేవారు. వాసన చూస్తే మన ఊరి ఎండుచేపల కళ్ళమే.

పాత రోజుల్లో వాళ్ళకి షాషా అని చిన్న పడవ ఉండేది. చెక్కలేదు, ఖర్జూరపు మట్టలే తాళ్ళతో కట్టేవారు. మన తెప్పలాగే నీళ్ళు లోపలికి వచ్చినా మునగదు. మ్యూజియంలో ఉంటే పెద్దాయనకి చూపించండి.

ఏటి ఒడ్డున పాత ఐస్ ఫ్యాక్టరీ ఒకటి ఉంది. చేపలకి ఐస్ అక్కడే తయారయ్యేది. మూతపడ్డాక షార్జా ఆర్ట్ ఫౌండేషన్‌వాళ్ళు దాన్ని కళా ప్రదర్శనలకి తీసుకున్నారు. అందులో పెట్టే బొమ్మలు నాకు అర్థం కావు గానీ, కిటికీలోంచి ఏరు మొత్తం కనిపిస్తుంది. కూలగొట్టకుండా ఉంచినందుకు సంతోషంగా ఉంది.

శ్రీను_షార్జా:
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్నలు. ఎన్ని గంటలకి బయలుదేరాలి? అమ్మకి మోకాళ్ళ నొప్పి, ఎక్కువ నడవలేదు. లకుముకి కనిపించకపోతే వేరే ఏం చూడొచ్చు?

లకుముకి_ప్రియ:
డిసెంబరు మంచి నెల, వలస పిట్టలన్నీ ఉంటాయి. పోటు కంటే ఆటు సమయం చూసుకోండి. నీళ్ళు దిగినప్పుడు పీతలు బయటికి వస్తాయి, వాటి కోసం పిట్టలు కూడా దగ్గరికి వస్తాయి. ఆటుపోట్ల పట్టిక ఫుజైరాది చూసుకుంటే సరిపోతుంది. సెంటర్ వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నడకదారి చదునుగా చెక్కతో వేసి ఉంది, అమ్మగారికి ఇబ్బంది ఉండదు.

లకుముకి తర్వాత చూడాల్సింది సైక్స్ వార్బ్లర్. మట్టిరంగు చిన్న పిట్ట, మడల్లో పాట వినిపిస్తుంది గానీ తొందరగా కనిపించదు, అది వేసవిలో గూడు పెట్టేది. మీరు వెళ్ళేటప్పటికి బురద మీద నల్ల కొంగలు, అంటే రీఫ్ కొంగలు, రకరకాల ఉల్లంకులు ఉంటాయి. అదృష్టం బాగుంటే పీతలు తినే నలుపు తెలుపు క్రాబ్ ప్లోవర్ కూడా. కార్నిష్ (సముద్రపు ఒడ్డు రోడ్డు) మీద బూడిద రంగు సూటీ గల్స్ గుంపులుగా కూర్చుంటాయి, దుబాయ్ వైపు అవి అరుదు.

ఊళ్ళోకి రాగానే కరెంటు తీగల మీద చూడమనండి. మన పాలపిట్ట ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి, ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. కల్బా తోటల్లో నిత్యం కనిపిస్తుంది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ పక్షి రామచిలుక కూడా అదే తోటలో అరుస్తూ ఉంటుంది.

పాతపటం:
దారి గురించి. మలీహా మీదుగా వాదీ అల్ హెలో సొరంగం దాటి దిగే రోడ్డులో రండి, షార్జా నుంచి గంటన్నర లోపే. దారిలో ఫాయా కొండలు తగులుతాయి. అక్కడ లక్షేళ్ళకి పైబడిన రాతి పనిముట్లు దొరికాయి, 2025లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మలీహా మ్యూజియంలో ఒక గంట ఆగొచ్చు, కానీ ఆటు సమయం తప్పితే ప్రియ గారు ఊరుకోరు కాబట్టి దాన్ని తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి. కల్బాలో ఏరు ముందు, కోట, షేక్ సయీద్ ఇల్లు తర్వాత. నడక తగ్గించాలంటే కోట దగ్గరే కారు ఆపుకోవచ్చు, ఇల్లు ఎదురుగానే. టైము మిగిలితే అల్ హెఫాయియా కేంద్రం ఉంది. అరేబియా తహర్ అనే కొండమేక, అరేబియా చిరుత ఉన్నాయి. బగ్గీలో కూర్చోబెట్టి తిప్పుతారు, అమ్మగారికి అదే నచ్చుతుందేమో.

ఫుజైరా_రాజు:
ఒక్క మాట శ్రీను. వాన సూచన ఉంటే ఆ రోజు మానేయండి. కొండల్లో వాన పడితే వాదీలు ఎంత త్వరగా వస్తాయో 2022 జూలైలో చూశాం, ఫుజైరా, కల్బా రెండూ మునిగాయి. పైన మబ్బు లేకపోయినా నీళ్ళు వచ్చేస్తాయి. కల్బా వచ్చాక ఫోన్ చేయండి, భోజనం మా ఇంట్లో. మాస్టారు గారు పప్పుచారు తింటారు కదా?

శ్రీను_షార్జా:
తింటారు రాజు అన్నా, వేడివేడిగా ఉంటే చాలు. డిసెంబరు రెండో శనివారం అనుకుంటున్నాం, ఆటు టైము చూసి ఇక్కడే రాస్తాను. ఉచిత రోజు ఉత్తరం మీద నా సంతకం కూడా వేసుకోండి.

మత్స్య_అప్పారావు:
నాదీ వేసుకోండి. క్యాంపులో ఇంకా మనవాళ్ళు పాతికమంది ఉన్నారు, శుక్రవారం అందరి చేతా పెట్టించి ఫోటో తీసి పంపిస్తా.